కామెర్లకు పసరు: తు.చ. తప్పకుండా పాటించాల్సిన పద్ధతులు

కళ్లు పచ్చబడ్డాయని ఎవరైనా అనగానే చేయాల్సిన మొదటి పని, రక్తపరీక్షకు పోకుండా ఉండటం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోనివే. అప్పట్లో పెద్దాసుపత్రి అంటే వరంగల్ ఎంజీఎం. అంత దూరం ఎవరు పోతారని తప్పించుకోవడానికి వీలుండేది. ఇప్పుడా సాకు పోయింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అయినా నిరాశ పడకండి. ఆసుపత్రి గేటు ముందే ఆటో ఎక్కి పసరు పోసే ఊరికి పోవచ్చు. "ఏం గాదు బిడ్డా, మూడు పొద్దులు తాగితే కళ్లు తెల్లగైతయి" అని ఇంటి పక్క పెద్దమ్మ చెప్పాక ఇక బిలిరుబిన్ ఎంతుందో తెలుసుకుని చేసేదేముంది?

మొక్క సంగతి చూద్దాం. నేల ఉసిరి జానెడు, మూరెడు ఎత్తు పెరుగుతుంది. వానలు పడ్డాక పత్తి చేను గట్టున, మిరప సాళ్ల మధ్య దానంతటదే మొలుస్తుంది. రెమ్మను వెనక్కి తిప్పితే ఆకుల కింద వరసగా చిట్టి పచ్చని కాయలు, అచ్చం ఉసిరికాయల్లాగే. పొద్దు గూకితే ఆకులు ముడుచుకుంటాయి. దీని దాయాదులు గట్ల మీద ఇంకా కొన్ని ఉన్నాయి. కాడ ఎరుపెక్కినదేదో, పచ్చగా ఉన్నదేదో చూస్తూ కూర్చోకండి, చేతికందింది పీకేయండి. ఎవరి చేను అని కూడా అడగకండి. నిన్ననే పురుగుమందు కొట్టిన మిరప చేనైతే ఒకే గుక్కలో రెండు మందులు కాలేయానికి అందుతాయి. ఇది మన ముత్తాతల కాలం నాటి మొక్క అని గట్టిగా వాదించండి. మన గట్ల మీది ఈ రకం అసలు పుట్టిల్లు అమెరికా ఖండమని వృక్షశాస్త్రజ్ఞులంటే నవ్వి ఊరుకోండి.

మోతాదు పిడికెడు. ఎవరి పిడికిలి అన్నది ఎక్కడా రాసిలేదు. మేకపాలలో కలపాలా, సల్లలో కలపాలా అన్నది పోసే పెద్దమనిషి ఇష్టం. అందులో ఇంకేం నూరాడో ఆయన చెప్పడు, చెబితే గుణం పోతుందట. మీరూ అడగొద్దు. రేపు డాక్టరు "ఏమన్నా ఆకుమందు తాగినవా?" అంటే "ఏం తాగలే సార్" అనండి. నిజం చెబితే ఆయనకు పని తేలికైపోతుంది.

పసరు ఒక్కటీ చాలదనిపిస్తే వేపచెట్టు మీది తిప్పతీగ ఉండనే ఉంది. కరోనా కాలంలో ఇంటింటా కషాయం కాచింది దానితోనే. ఆ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. మరుసటేడు దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి 43 మంది లెక్క తేల్చాయి. తిప్పతీగకు ఆ పాపం అంటగట్టొద్దని ఆయుష్ శాఖ అంది. మీరు ఆయుష్ మాట ఒక్కటే గుర్తుంచుకోండి.

ఇక సున్నపు నీళ్లు. దీన్ని తప్పక చూడాలి. రోగి అరచేతులకు ముందుగా ఏదో రసం రాస్తారు. తర్వాత సత్తు గిన్నెలో సున్నపు తేట పోసి, అందులో చేతులు కడిగిస్తారు. చూస్తుండగానే నీళ్లు పచ్చబడతాయి. చుట్టూ ఉన్నవాళ్లు "అబ్బో, ఎంత దిగిందో" అంటారు. రోగి ముఖంలో అప్పుడే సగం కళ వస్తుంది. ఆ రసం మామిడి బెరడుది కావచ్చనీ, దానికి సున్నం తగిలితే కామెర్లు లేనివాడి చేతుల్లోంచి కూడా పచ్చదనం దిగుతుందనీ హేతువాదులు ఎప్పుడో చేసి చూపించారు. కాబట్టి మీ చేతులు మాత్రం అందులో పెట్టి చూడకండి, ఆట చెడిపోతుంది. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో నచ్చేది ఈ గిన్నె ఒక్కటే. ముంజేతి మీద వాతలు పెట్టడంలో ఈపాటి కళ కూడా లేదు. పుండు పడుతుంది, అంతే.

పసరు ఎందుకు పనిచేస్తుందని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు హెపటైటిస్-ఎ గురించి చెప్పకండి. కలుషితమైన నీళ్లతో, తిండితో వచ్చే ఈ వైరస్‌ను చాలామంది శరీరం కొన్ని వారాల్లో తనంతట తానే వదిలించుకుంటుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకున్నా తగ్గుతుంది. తాగనివాళ్లు ఊరూరా చెప్పుకోరు, అదే పసరుకు కలిసొచ్చింది.

చదువుకున్నవాళ్లు ఎదురుతిరిగితే 1988 అనండి. ఆ ఏడు మద్రాసుకు చెందిన త్యాగరాజన్ బృందం లాన్సెట్ పత్రికలో నేల ఉసిరి మీద వ్యాసం రాసింది. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లలో ఆ పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందనీ, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందనీ ఆ వ్యాసం. రాసినవాళ్లలో నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కూడా ఉన్నాడు. అక్కడ ఆపేయండి. తర్వాత ఇతర దేశాల్లో చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదనీ, ఉన్న అధ్యయనాలన్నీ జల్లెడ పట్టిన కాక్రేన్ సమీక్ష 2011లో నమ్మదగిన ఆధారం లేదనేసిందనీ చెప్పారో, వాదం మీ చేయి జారుతుంది. హెపటైటిస్-బి టీకాకు బాట వేసింది కూడా ఆ బ్లంబర్గేననీ, అలాంటి టీకాను 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ చవగ్గా తెచ్చిందనీ పొరపాటున కూడా అనకండి.

కామెర్లు ఎందుకొచ్చాయన్నది మీకనవసరం. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, నాట్లేసిన బురదలోంచి ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరా సోకినా, గూడూరు, కొత్తగూడ వైపు ఏ పిల్లాడికో సికిల్ సెల్ వల్ల కళ్లు పచ్చబడినా అదే పసరు, అదే పిడికెడు. నిండు గర్భిణికి హెపటైటిస్-ఇ సోకితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లంటారు. ఆమెకూ అదే పోయండి. గుడుంబా అలవాటున్నవాళ్లకు పత్యం కొంచెం కష్టం. మూడు పొద్దులు పసరు, చప్పిడి బువ్వ. నాలుగో పొద్దు నుంచి మామూలే.

అయిదో రోజో, ఆరో రోజో రోగి పగలంతా నిద్రపోయి, రాత్రంతా మేలుకుని ఏదేదో మాట్లాడితే పసరు ఒంటికి పట్టిందని సంతోషించాలి. చిగుళ్లలోంచి రక్తం కారితే వేడి చేసిందనుకోవాలి.

ఇన్ని తప్పుడు సలహాలూ ఓపికగా చదివారు కాబట్టి ఒక్కటి సూటిగా చెబుతాను. ఆ పగటి నిద్ర, ఆ తికమక మాటలు కాలేయం చేతులెత్తేస్తోందనడానికి గుర్తులు. ఆ పూటే 108కు ఫోన్ చేయండి. తాగిన పసరు ఏదో డాక్టరుకు దాచకుండా చెప్పండి, దొరికితే ఆ మొక్కను కూడా సంచిలో వేసుకుపోండి. హెపటైటిస్-బి, సి పరీక్షలూ మందులూ 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు వేసే హెపటైటిస్-బి టీకాకు కూడా సర్కారు దవాఖానాలో పైసా తీసుకోరు.