రాతకూలి చేయదలచిన వారికి కొన్ని సూచనలు

కోరుట్లలో బీడీలకు వెయ్యి లెక్క. సిరిసిల్లలో గుడ్డకు మీటరు లెక్క. జగిత్యాల జిరాక్స్ షాపులో ఓ మూల కూర్చుని పేపరుకు వార్త కొట్టే మనిషికి సెంటీమీటరు లెక్క. చేసినంత పనికే కూలి అనే పద్ధతి ఈ మూడు ఊళ్లకూ కొత్త కాదు కాబట్టి, తీరిక వేళల్లో వ్యాసాలు రాసి నాలుగు రాళ్లు వెనకేసుకోవాలనుకునే వారికి ఇక్కడ ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం ముందే చెప్పుకోవాలి. బీడీలు చుట్టే ఆమెకు ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. ఆమె కోసం 1966లోనే ఒక చట్టం చేశారు. అర్హత ఉంటే 2015 నుంచి ప్రభుత్వ జీవన భృతి కూడా వస్తోంది. 2019లో అది నెలకు 2,016 రూపాయలైంది. వ్యాసం చుట్టేవాడికి ఆకూ సొంతం, తంబాకూ సొంతం.

కాబట్టి మొదటి సూచన: రాయడం మొదలుపెట్టే ముందు మంచి ఉద్యోగం ఒకటి చూసుకోవాలి. అదనపు ఆదాయం అనాలంటే అంతకు ముందు ఆదాయం అనేది ఒకటి ఉండాలి కదా.

ఈ రహస్యం సిరిసిల్ల ప్రాంతపు పెద్దలకు ఎప్పుడో తెలుసు. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగు అధ్యాపకుడిగా కుదురుకుని, ఆ తర్వాతే 1962లో 'గులేబకావళి కథ'కు పాటలు రాశారు. సినిమాలకు వేల పాటలు ఇచ్చారు, 1988లో జ్ఞానపీఠం అందుకున్నారు, పాటలు జోరుగా సాగే రోజుల్లోనూ ఉస్మానియాలో పాఠం చెప్పడం మానలేదు. గంభీరావుపేట మండలం భీముని మల్లారెడ్డిపేటకు చెందిన పెద్దింటి అశోక్ కుమార్‌ది బడిపంతులు ఉద్యోగం. 'జిగిరి' నవల రాసినా, 2019లో వచ్చిన 'మల్లేశం' సినిమాకు మాటలు రాసినా, వెనుక ఒకటో తారీఖు అనే ధైర్యం ఉంది.

ఈ సూచన పాటించని వారి సంగతి జగిత్యాల వాళ్లను అడగాలి. కవి అలిశెట్టి ప్రభాకర్ జగిత్యాలలో 'పూర్ణిమ', కరీంనగర్‌లో 'శిల్పి', హైదరాబాద్‌లో 'చిత్ర' పేరుతో ఫొటో స్టూడియోలు పెట్టాడు. బొమ్మలు వేశాడు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' పేరుతో ఏళ్ల తరబడి చిన్న కవితలు రాశాడు. నాలుగైదు పంక్తుల్లో నగరాన్ని నిలబెట్టి అడిగే ఆ కవితల్ని కొలిచే స్కేలు ఏ పత్రిక దగ్గరా ఉండదు. సెంటీమీటర్లలో చూస్తే మరీ పొట్టివి. జనవరి 12న పుట్టినవాడు 1993 జనవరి 12న క్షయతో పోయాడు. ఏటా జనవరి 12న ఆయన గురించి వ్యాసం రాయొచ్చు. రెండు తేదీలూ ఒకటే కావడం వల్ల జయంతికి ఒకటి, వర్ధంతికి ఒకటి అని రెండుసార్లు అమ్ముకునే వీలు మాత్రం లేదు.

ఇక అసలు పని. కొత్తవారు విలేకరిగా, అంటే ఊళ్లో అందరూ 'రిపోర్టర్' అని పిలిచే కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టడం ఆనవాయితీ. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలాలు చేసింది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. పేజీలు నిండాలంటే మండలానికో మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. నెలంతా అచ్చయిన ముక్కలు కొలిచి డబ్బు లెక్కగడతారు. మల్లాపూర్ దాకా బండి మీద పోయి వచ్చిన పెట్రోలు ఆ కొలతలోకి రాదు. రాసింది డెస్కులో సగానికి తెగితే కూలి సగానికి తెగుతుంది. పొదుపుగా రాయడం గొప్ప కళ అని సాహిత్య సభల్లో చెబుతారు. లైన్ అకౌంట్‌లో ఆ కళను ప్రదర్శించడం ఆత్మహత్యా సదృశం.

రాయడం కన్నా ముఖ్యమైన విద్య యాడ్‌లు తేవడం. జనవరి ఒకటి, ఉగాది, జూన్ రెండు రాష్ట్రావతరణ దినం, ఆగస్టు పదిహేను, దసరా: ఇవి పండుగలని, జాతీయ దినాలని బయటివాళ్లు అనుకుంటారు, విలేకరికి ఇవి టార్గెట్లు. "అన్నా, ఆగస్టు పదిహేనుకు ఓ చిన్న యాడ్ ఇయ్యరాదే" అని హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడాలి. "మొన్న జూన్ రెండుకే ఇస్తి గద తమ్మీ, నా ఫొటో గూడ సక్కగ రాలే" అనే జవాబు నవ్వుతూ వినాలి. ఆ షాపు ముందర మోరీ మీద కట్టిన మెట్ల గురించి వార్త రాయాలా వద్దా అనేది ఎవరి మనస్సాక్షి వారిది. యాడ్ వచ్చాక మెట్లు అంత అడ్డంగా కనిపించవని అనుభవజ్ఞులు అంటారు.

చట్టం గురించి కూడా కొంచెం తెలిసి ఉండాలి, నిద్రపట్టని రాత్రుల్లో పనికొస్తుంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, పార్ట్‌టైమ్ మనిషిని కూడా జర్నలిస్టుగానే లెక్కలోకి తీసుకుంది. కాకపోతే జర్నలిజం అతని ప్రధాన వృత్తి అయి ఉండాలంది. పత్రిక ఇచ్చేది చాలదు కాబట్టి విలేకరి ఎల్ఐసీ ఏజెన్సీయో ట్యూషనో పెట్టుకుంటాడు. పెట్టుకున్నాడు కాబట్టి అతని ప్రధాన వృత్తి అది అని వాదించవచ్చు. పత్రికల్లో పనిచేసేవారి జీతాల మీద మజీఠియా వేతన బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఆ తీర్పు వార్త కూడా చాలా చోట్ల సెంటీమీటర్ల లెక్కన రాసినవారి వార్తల పక్కనే అచ్చయింది. అక్రిడిటేషన్ కార్డు దొరికిన అదృష్టవంతులకు ఆర్టీసీ బస్సులో రాయితీ ఉంది. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి బస్సు ఉచితమే కనుక ఆ ఒక్క లాభం కోసమైతే కార్డు వెంట తిరగాల్సిన పని లేదు.

వార్తల కన్నా వ్యాసాల్లో గౌరవం ఎక్కువ. విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు, ఈ నేల మీద ఏళ్ల తరబడి తెగని సమస్యలు సమృద్ధిగా ఉన్నాయి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. 'తెరుచుకునేనా?' అనే వ్యాసం ఒకసారి శ్రద్ధగా రాసిపెట్టుకుంటే చాలు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాయకుల పేర్లు మార్చి పంపవచ్చు. చెరకు రైతు ఎదురుచూపు గురించిన పేరా ముట్టుకోవాల్సిన పనే ఉండదు. కాలాన్ని బట్టి రాసేవీ ఉన్నాయి: చల్‌గల్ మామిడి మార్కెట్ ఏప్రిల్, మేలో, మెట్‌పల్లి పసుపు అంతకు కాస్త ముందు. గల్ఫ్ నుంచి వచ్చే శవపేటిక ఏ నెలలోనైనా రావచ్చు.

సిరిసిల్ల మీద రాసేవారికి రెండు వ్యాసాలు సిద్ధంగా ఉండాలి, ఒకటి వెలుగు, ఒకటి చీకటి. అగ్గిపెట్టెలో పట్టే చీర వెలుగు కిందికి వస్తుంది. జీ20 లోగో నేసి పంపిన వెల్ది హరిప్రసాద్‌ను 2022 నవంబర్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో మెచ్చుకోవడం కూడా. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగితే చీకటి వ్యాసం తీయాలి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి, ప్రభుత్వం మారాక 2024లో ఆగాయి, తర్వాత ఇందిరమ్మ చీరలు మొదలయ్యాయి. సాంచా నడిపే కార్మికుడి కూలి ఇలా హైదరాబాద్ నిర్ణయాన్ని బట్టి ఎక్కుతుంది, దిగుతుంది. అతని మీద వ్యాసం రాసేవాడి కూలి మాత్రం ఎంతో స్థిరంగా ఉంటుంది.

వ్యాసం ఎక్కడికి పంపాలన్నది చిన్న ప్రశ్నే, ఎందుకంటే చోట్లు తగ్గిపోయాయి. 1978లో మొదలైన విపుల, చతుర కొవిడ్ రోజుల్లో ఆగిపోయాయి. ఆంధ్రభూమి దినపత్రిక 2020 మార్చి తర్వాత అచ్చు కాలేదు. మిగిలిన చోట్ల "పేరొస్తది గద" అనే కరెన్సీ ఇంకా చెలామణిలో ఉంది. కోరుట్ల కిరాణా కొట్లలో ఎందుకో తీసుకోవడం లేదు. ఇక ఫోన్‌లో నాలుగైదు వాక్యాల్లో వార్తలు ఇచ్చే యాప్‌లున్నాయి. వాటికి రాసేవాడు విశేషణాలన్నీ ఇంట్లో వదిలి రావాలి.

మరీ తొందరగా సంపాదించాలనుకునే వారు అసలు రాయకుండా ఉండడం గురించి కూడా ఆలోచించవచ్చు. మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ బృందం 'మై విలేజ్ షో' వీడియోలు తీసింది. కూలి పనులు చేసుకున్న గంగవ్వ కెమెరా ముందు తన మాట తను మాట్లాడింది. ఆ మాట 2020లో ఆమెను బిగ్‌బాస్ ఇంటి దాకా తీసుకెళ్లింది. జిల్లాలో అంతమంది విలేకరులు అన్నేళ్లు రాసిన ఊరి ముచ్చట్లకు రానంత గిరాకీ బడికి పోని మనిషి నోటికి వచ్చింది. ఆమెకు ఎవరూ సెంటీమీటరు పెట్టి కొలవలేదు మరి.

అయినా రాస్తామనే మొండివాళ్లకు పన్నుల భయం వద్దు. వృత్తి పారితోషికం ఒకే చోట ఏడాదికి 30 వేలు దాటితే పది శాతం టీడీఎస్ పట్టుకునేవారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 50 వేలైంది. వ్యాసకర్తలకు 30 వేల హద్దే ఆకాశమంత ఎత్తులో ఉండేది, ప్రభుత్వం అనవసరంగా శ్రమపడింది. ఇరవై లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న సంగతి కూడా ఇంట్లో వాళ్లకు చెప్పి నవ్వించవచ్చు.

చివరగా ఆస్తి సంగతి. పత్రికలో ఉద్యోగి కానివాడు రాసిన వ్యాసం మీద, హక్కు రాసి ఇవ్వనంత వరకు, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు అతనే. ఆ హక్కు రచయిత బతికినంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. పారితోషికం సాధారణంగా ఆ గడువు లోపలే అందుతుంది. కాబట్టి వ్యాసం కింద ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌తో పాటు మనవడి ఫోన్ నంబరు కూడా రాసి పంపడం మంచిది.