కూవత్తూరు లేని దేశం

టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీ కావాలంటే ప్రభుత్వం గురించి ఆరు క్రెడిట్లు చదవాలి. చదివేది సంగీతమైనా, కంప్యూటరైనా, ఆవుల పెంపకమైనా సరే, అమెరికా రాజ్యాంగమూ టెక్సాస్ రాజ్యాంగమూ ముట్టకుండా పట్టా చేతికి రాదు. అది ఆ రాష్ట్రం చేసిన చట్టం. హోసూరు నుంచి కంప్యూటర్ సైన్సు చదవబోయిన ఒక అమ్మాయికి ఈ సంగతి ఫీజు కట్టాక తెలిసింది. ఆమె ఏడుపు ఆమె ఏడ్చింది. హోసూరులో తాతకు మాత్రం పండగైంది.

తాత ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. మూడు భాషల్లోనూ రాజకీయాలు మాట్లాడగలడు, మూడింట్లోనూ అవతలివాణ్ణి మాట్లాడనివ్వడు. అమ్మాయి క్లాసులో పెట్టిన పుస్తకం హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌ది, ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. అమెరికాలో ఊరికే దొరికే వస్తువు ఒకటుందని తెలిసి తాత వెంటనే లింకు పంపించుకుని, జిరాక్సు అంగట్లో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించాడు. పిల్ల పరీక్ష ముందురాత్రి తెరిచే పుస్తకాన్ని తాత తెల్లారి కాఫీతోనే తెరుస్తాడు. ఆ లెక్కన కోర్సుకు నిజమైన విద్యార్థి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి తగువు ఎన్నికల రోజు దగ్గర వచ్చింది. నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం నాడు అధ్యక్ష ఎన్నిక జరగాలని 1845లో చట్టం చేశారు. ఆదివారం చర్చి, బండి కట్టుకుని ఊరు చేరేందుకు ఒక రోజు, బుధవారం సంత, అందుకని మధ్యలో మంగళవారం మిగిలింది.

"మంగళవారమా! ఎవురన్నా మంచి పని మంగళవారం మొదలుపెడతారా మే? అందుకే వాళ్లకు అన్ని తంటాలు."

"అక్కడ పంచాంగం చూడరు తాతా."

"చూసుంటే గోర్ గెలిచుండు."

ఆల్ గోర్ కథ అప్పటికే తాతకు కంఠస్థం. 2000లో దేశం మొత్తం మీద గోర్‌కు ప్రత్యర్థి కంటే 5 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్లు తక్కువయ్యాయి, జార్జి బుష్ అధ్యక్షుడయ్యాడు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు సుమారు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చి కూడా ఇంట్లోనే కూర్చుంది. కారణం ఎలక్టోరల్ కాలేజీ. ప్రజలు ఓటేసేది నేరుగా అధ్యక్షుడికి కాదు, 538 మంది ఎలక్టర్లకు. అందులో 270 తెచ్చుకున్నవాడిదే కుర్చీ.

ఇదెక్కడి న్యాయమని తాత ఒక గంటసేపు ఎగిరాడు. పిల్ల ఊరుకోలేదు. "2024లో మన తమిళనాడులో అన్నాడీఎంకేకి నూటికి 20 ఓట్లు వచ్చినాయి కదా తాతా, ఎన్ని ఎంపీ సీట్లు వచ్చినాయి?" ఒక్కటీ రాలేదు. తాతకు ఫోను సిగ్నలు ఉన్నట్టుండి సరిగ్గా అందలేదు.

మర్నాడు ఆయన కొత్త ప్రశ్నతో వచ్చాడు. ఓట్లు నవంబరులో వేస్తారు. ఎలక్టర్లు తమ ఓట్లు డిసెంబరులో వేస్తారు. అధ్యక్షుడు జనవరి 20న ప్రమాణం చేస్తాడు, 1933 దాకా అయితే అది మార్చి 4 దాకా సాగేది. "ఇన్ని నెలలు ఆ 538 మందిని ఏ రిసార్టులో పెడతారు?"

పిల్లకు అర్థం కాలేదు. తమిళనాడులో ఓటు హక్కున్న ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. 2017 ఫిబ్రవరిలో అన్నాడీఎంకే ఎమ్మెల్యేలను చెన్నై దాటించి కూవత్తూరు రిసార్టులో రోజుల తరబడి దాచిపెట్టింది ముఖ్యమంత్రి కుర్చీ కోసమే. హోసూరు వాళ్లకు ఈ విద్యలో మరీ అనుభవం. అటు చెన్నై ఎమ్మెల్యేల కథ, ఇటు బెంగళూరు చుట్టూ ఉన్న రిసార్టుల కథ, రెండూ తమ హైవే మీదుగానే పోతాయి. అమెరికాలో ఎలక్టర్లు ఎవరింట్లో వాళ్లు తిని పడుకుని, తమ రాష్ట్ర రాజధానికి వచ్చి ఓటేసి పోతారంటే తాత నమ్మలేదు. 2016లో ఏడుగురు గీత దాటి వేరే పేర్లకు ఓటేశారని చదివాక కాస్త ఊరట పొందాడు. "చూస్తివా, యాడికి పోయినా మనిషి మనిషే."

అంతకంటే పెద్ద దెబ్బ పార్టీ ఫిరాయింపుల అధ్యాయంలో తగిలింది. అసలు ఆ అధ్యాయమే లేదు. మన రాజ్యాంగంలోకి 1985లో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్పు మీరి ఓటేస్తే సభ్యత్వం ఎగిరిపోతుంది. అమెరికా సెనేటరు తన సొంత పార్టీ అధ్యక్షుడి బిల్లునే కూలగొట్టి, మర్నాడు అదే సీటులో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. అలాంటి స్వేచ్ఛ మన ఎమ్మెల్యేలకిస్తే రిసార్టులకు ఏడాది పొడుగునా సీజనే అని తాత లెక్కగట్టాడు.

సెనేట్ దగ్గర ఆయనకు ఏకంగా ఆశ పుట్టింది. రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా ఇద్దరే సెనేటర్లు. 3.9 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, 2020 లెక్కల్లో 5.8 లక్షల మంది కూడా లేని వయోమింగుకూ ఇద్దరే. మన లోక్‌సభ సీట్లను ఇప్పటికీ 1971 జనాభాను పట్టి రాష్ట్రాలకు పంచుతున్నారు. పునర్విభజన జరిగితే తమ వాటా తగ్గుతుందని దక్షిణాది గోల. ఆ గోల మధ్య బతికే తాత వయోమింగును చూసి వదిలిపెడతాడా? కృష్ణగిరి జిల్లా పుట్టిందే 2004లో. 2011 లెక్కల్లో జనం 18.8 లక్షలు. అంటే మూడు వయోమింగులు, ఆరుగురు సెనేటర్లు. హోసూరుకు ఇద్దరు, డెంకణికోటకు ఇద్దరు, కృష్ణగిరికి ఇద్దరు. ఊత్తంగర వాళ్లు రోడ్డెక్కుతారేమోనని ఒక రాత్రి ఆలోచించి, పర్వాలేదనుకున్నాడు.

ఆ సెనేట్‌లోనే ఫిలిబస్టరు అనే ఏర్పాటు ఉంది. బిల్లు నచ్చని సభ్యుడు లేచి మాట్లాడుతూ పోవచ్చు, 60 మంది కలిసి ఆపేదాకా. 1957లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో లేచి పోవలసిన అవసరం రాకూడదని ముందుగా ఆవిరి స్నానం చేసి ఒంట్లో నీరు తగ్గించుకున్నాడట. ఇంత చేసీ ఆ బిల్లు ఆగలేదు. 2025 వసంతంలో కోరీ బుకర్ అనే నల్లజాతి సెనేటరు 25 గంటల 5 నిమిషాలు మాట్లాడి ఆ రికార్డును చెరిపేశాడు. ఆయన ఆపుతున్న బిల్లేమీ లేదు, ప్రభుత్వం మీద నిరసన మాత్రమే. ఈ పాఠం తాతకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కృష్ణగిరి, ధర్మపురి, చిత్తూరు పల్లెల్లో పద్దెనిమిది రోజుల భారతం పెడతారు. రాత్రి మొదలైన ఆటకు తెల్లారితే గాని తెర పడదు. "మన దుర్యోధనుడి ముందర మీ సెనేటర్లు పసిపిల్లలు మే. మనోడు మొగానికి రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, ఎగురుతా మాట్లాడతాడు."

కోర్సులో పిల్లకు కొరుకుడు పడనిది ఫెడరలిజం. రాష్ట్రానికో చట్టం, కేంద్రానికో చట్టం, రెండూ ఒకే మనిషి నెత్తిన. హోసూరులో పుట్టినవాళ్లకు అది అర్థం కాకపోవడమే విచిత్రం. పొద్దున తమిళనాడులో లేచి, అత్తిబెలె దాటి కర్ణాటకలో ఉద్యోగం చేసి, పెళ్లి సంబంధానికి ఆంధ్రాలో కుప్పం పోయే ఊరది. రాష్ట్రాల హద్దులు గీసినప్పుడు హోసూరు తెలుగువాళ్లు ఉన్నచోటే ఉన్నారు, హద్దులే వాళ్ల చుట్టూ తిరిగాయి. 2006 చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. అది ఏటా ఒక్కో తరగతి పైకెక్కుతూ 2016కు పదో తరగతి చేరింది. తెలుగు మీడియం పిల్లలు పరీక్ష మినహాయింపుల కోసం మద్రాసు హైకోర్టు మెట్లెక్కారు. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశాడు. తాత ఈ మూడు ముక్కలూ చెప్పి, "అమెరికాకు అధికార భాష ఏది?" అని అడిగాడు. 2025 మార్చిలో అధ్యక్షుడు ఉత్తర్వు మీద ఇంగ్లీషు అనేదాకా ఆ దేశానికి అధికార భాషంటూ లేదు. రెండు వందల ఏళ్లు భాష తేల్చుకోకుండా నెట్టుకొచ్చారంటే తాతకు వాళ్ల మీద తొలిసారి గౌరవం కలిగింది.

నిజానికి అమెరికా ప్రభుత్వానికి పాఠం చెప్పడం హోసూరుకు కొత్త కాదు. ఊరికి దగ్గర్లోని తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ 83 ఏళ్ల వయసులో, 1962 సెప్టెంబరులో, విదేశం వెళ్లాడు. వెళ్లింది వాషింగ్టన్‌కు, కలిసింది కెనెడీని, అడిగింది అణు పరీక్షలు ఆపమని. మరుసటి ఏడు అమెరికా, రష్యా, బ్రిటన్ పాక్షిక నిషేధ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మధ్యలో క్యూబా సంక్షోభం వచ్చి లోకం వణికిన సంగతి పుస్తకాలు చెబుతాయి. తాత చెప్పే చరిత్రలో క్యూబా లేదు. తొరపల్లి ఆయన చెప్పాడు, కెనెడీ విన్నాడు, అంతే. అదే రాజాజీ 1952లో ఎన్నికల్లో నిలబడకుండానే గవర్నరు నామినేషనుతో శాసనమండలికి వచ్చి మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాడని పిల్ల గుర్తుచేసింది. 538 మందితో కూడా పనిలేకుండా ఒక్క గవర్నరుతో తేల్చాడంటే ఎంత పొదుపో చూడమన్నాడు తాత.

చివర్లో ఒక వ్యాసం రాయాలి, రాజ్యాంగ సవరణల మీద. మన రాజ్యాంగాన్ని 1951 నుంచి 2023 దాకా 106 సార్లు సవరించారు. అమెరికావాళ్లు రెండు వందల ముప్ఫై ఏళ్లు దాటినా 27 దగ్గరే ఉన్నారు. ఆ 27వది ఎలా వచ్చిందో చదివి తాత మంచం దిగాడు.

1982లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో గ్రెగరీ వాట్సన్ అనే కుర్రాడు ఇలాంటి ప్రభుత్వం క్లాసులోనే వ్యాసం రాశాడు. కాంగ్రెసు సభ్యులు తమ జీతం తాము పెంచుకుంటే, మళ్లీ ఎన్నిక జరిగేదాకా అది అమల్లోకి రాకూడదని 1789లోనే ఒక సవరణ ప్రతిపాదించారు. దానికి గడువు పెట్టలేదు కాబట్టి అదింకా బతికే ఉందన్నది అతని వాదన. సీ గ్రేడు వచ్చింది. పైవాళ్లతో మొరపెట్టుకున్నా మారలేదు. కుర్రాడికి ఒళ్లు మండి రాష్ట్రాల శాసనసభ్యులకు ఉత్తరాలు మొదలుపెట్టాడు, ఖర్చంతా తన జేబులోంచే. 1983లో మెయిన్ రాష్ట్రం ఒప్పుకుంది, మరుసటేడు కొలరాడో. అలా ఒక్కొక్కటీ కలిసి 1992 మేలో నాలుగింట మూడొంతులకు పైగా రాష్ట్రాలయ్యాయి. 202 ఏళ్లు మూలపడ్డ సవరణ రాజ్యాంగంలో చేరింది. యూనివర్సిటీ 2017లో, ముప్ఫై అయిదేళ్ల తర్వాత, ఆ సీని ఏగా దిద్దింది.

మనవరాలి వ్యాసానికి బీ వచ్చింది. ఆమెకు పెద్ద బాధేమీ లేదు, క్రెడిట్లు పడ్డాయి. తాత మాత్రం ఆ వారమే పోస్టాఫీసుకు పోయి టెక్సాస్‌కు ఉత్తరం పంపాలంటే ఎంత స్టాంపు అంటించాలో అడిగి వచ్చాడు.

"ఎవరికి తాతా?"

"మొదట మీ అయివారికి. ఆయప్ప వినకపోతే శాసనసభకు. నువ్వు నీ కంప్యూటరు చూసుకో మే, ముప్ఫై అయిదేండ్లు టైముండాది."