బలహీనతకూ కోచింగే

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నేర్పని కోర్సు లేదు. ఇప్పుడు బలహీనతలు కూడా నేర్పుతున్నారట. "మీ బలహీనత ఏమిటి?" అని ఇంటర్వ్యూలో అడిగితే "పని మొదలెడితే తిండీ నిద్రా గుర్తుండవండీ" అనాలి. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరికీ ఇదే జబ్బు ఉన్నందుకు హెచ్‌ఆర్ మేడమ్ ఆశ్చర్యపోకూడదు. "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?" అంటే "మీ సంస్థలోనే" అనాలి. డల్లాస్ అని నోరు జారారో, అంతే. ఐదేళ్ల తర్వాత ఆ మేడమ్ ఎక్కడుంటారో మాత్రం ఎవరూ అడగరు.

ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్లు, రెజ్యూమేలో అనుభవం మూడేళ్లు. బీటెక్ పోయిన ఏడాదే అయింది. అంటే సప్లీలు రాస్తూనే అమెరికా బ్యాంకు ప్రాజెక్టు నడిపాడన్నమాట! ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ఆ మాత్రం కష్టం కూడా లేదు. పెదవులు ఇతనివి, జవాబులు పక్కగదిలో ఉన్న అన్నయ్యవి. చేరాక పనెవరు చేస్తారంటారా? దానికీ అన్నయ్యే, నెలకింతని.

ఇక సర్కారు కొలువులకొస్తే, కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి కొలువులకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. పైరవీకారులకు పాపం అప్పుడే సగం ఉపాధి పోయింది. సివిల్స్‌లో మాత్రం 2025 మార్కుల్లో 275 ఇంకా ఇంటర్వ్యూకే. అక్కడ హాబీ అడుగుతారు. "పుస్తకాలు చదవడం" అన్నవాడు, ఈమధ్య చదివిందేమిటంటే కోచింగ్ సెంటర్ మెటీరియల్ పేరు చెప్పకుండా గట్టెక్కాలి. దాన్నే వ్యక్తిత్వ పరీక్ష అంటారు.