నూనె తాగే ముసలిదాన్ని కాను

నాకు జబ్బు చేసిందని మా రెండో యజమానికి వినపడకపోలేదు. వినపడింది. రేడియో సౌండ్ పెంచుకున్నాడు.

నేను 1996లో అమెరికాలో పుట్టిన పికప్ ట్రక్కుని. వీ-ఎయిట్ ఇంజన్. కంపెనీ పేరెందుకు లెండి. డెన్వర్‌ దగ్గర ఓ తాపీమేస్త్రీ నన్ను కొత్తగా కొన్నాడు. తొట్టి నిండా రాళ్ళతో 11,000 అడుగుల పైన ఉన్న ఐసెన్‌హవర్ సొరంగం దాటేదాన్ని. అక్కడి పల్చని గాలికి నా బలంలో మూడో వంతు పోయేది. అయినా రాళ్ళు చేర్చకుండా తిరిగొచ్చింది లేదు. పెట్రోలు పోయించినప్పుడల్లా మేస్త్రీ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. ఆయన మోకాళ్ళు అరిగాక నన్ను అమ్మేశారు.

రెండో ఆయనకు గుర్రాలున్నాయి. వాటి ట్రైలర్ తగిలించి కాన్సాస్ వైపు తోలేవాడు. మిట్ట ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే చాలు, నా లోపల ఇత్తడి చెంబులో గులకరాళ్ళు ఊపినట్టు గలగల. కాలు తీస్తే ఆగేది. "వాల్వులు కొట్టుకుంటున్నాయి" అని తేల్చేశాడు. కావు. ప్లగ్ అంటించిన మంట సిలిండర్లో ఓ పక్కనుంచి వరసగా పాకాలి. అది చేరేలోపే మూలనున్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటే, ఆ దెబ్బ పిస్టన్ నెత్తిన పడుతుంది. నాకింగ్ అంటారు దీన్నే.

డెన్వర్ బంకుల్లో మామూలు పెట్రోలు 85 ఆక్టేన్. పెట్రోలు తనంతట తాను భగ్గుమనకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత అది. ఎత్తు మీద సరిపోతుంది. అదే ట్యాంకుతో మైదానంలోకి దిగితే గాలి చిక్కబడి, సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. 87 వాడమని నాతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది, డాష్‌బోర్డు అరలో. ఈయన ఒక్కనాడూ తెరవలేదు. ఎవరో చెప్తే 87 పోయించాడు. గలగల తగ్గింది గానీ పోలేదు.

షెడ్డులో ప్లగ్గులు మార్చారు, థర్మోస్టాట్ మార్చారు. కంప్యూటర్ తగిలించి, "కోడేమీ లేదు, బండి శుభ్రంగా ఉంది" అన్నారు. నాకసలు నాక్ సెన్సరే పెట్టలేదు మహానుభావా, కోడెక్కణ్ణుంచి వస్తుంది?

చివరికి ఓ ముసలి మెకానిక్ అడగాల్సింది అడిగాడు: "ఆయిలెంత పోస్తున్నావు?"

"పాత బండి కదా, తాగుతుంది."

కింద చూస్తే చుక్క కారలేదు. ముసలాయన ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఎత్తి, థ్రాటిల్ రేకును వేలితో నొక్కి, లోపలికి టార్చి వేశాడు. గాలి వెళ్ళే దారి అడుగున నల్లగా, తడిగా ఆయిల్ మెరిసింది. తర్వాత ఇంజన్ నడిపిస్తూ, దాని ఊపిరి గొట్టాలు మూసి, ఆయిల్ పోసే రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు. లోపలికి లాగింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ అల్యూమినియం, దాని అడుగున బిగించిన రేకు ఉక్కు. వేడికి అల్యూమినియం ఇంచుమించు రెండింతలు సాగుతుంది. ఏళ్ళ తరబడి ఆ పెనుగులాటలో మధ్యనున్న గ్యాస్కెట్ చిరిగింది. ఆ సందులోంచి ఆయిల్ సిలిండర్లలోకి పోతోంది. ఆయిల్ కలిసిన పెట్రోలు ఎంత మంచిదైనా ఆక్టేన్ పడిపోతుంది. పైగా పిస్టన్ల మీద మసి. నేను తాగలేదు, నా గొంతులో పోశారు!

గ్యాస్కెట్ చవకే, విప్పి బిగించే కూలే ఎక్కువ. "బండి మొత్తం అంత చెయ్యదు" అన్నాడు మా ఆయన. ప్రీమియం పెట్రోలూ, ఆక్టేన్ పెంచుతుందనే మందు సీసాలూ కొన్నాడు. ఖాళీ సీసాలు సీటు కింద దొర్లేవి. గుర్రాలు మాత్రం మానలేదు. ఆ సమ్మెటపోట్లకు ఓ మిట్ట మీద పిస్టన్ అంచు విరిగింది.

తర్వాత వాళ్ళ పశువులశాల వెనకే ఉన్నాను. తొట్టిలో గడ్డిమోపులు వేశారు. సీటు దూదిలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. నేను మోసిన గుర్రమే వచ్చి నా బంపరుకు వీపు రుద్దుకునేది. అదొక్కటే నా దగ్గరకి పనిగట్టుకుని వచ్చేది. టైర్లలో గాలి పోయాక పాత ఇనుము వాళ్ళకి ఫోన్ చేశారు. బేరం కూడా ఆడలేదు.

యార్డులో ముందు తలుపులు పోయాయి, తర్వాత హెడ్‌లైట్లు. నిన్న మానిఫోల్డ్ ఊడదీశారు. ఉక్కు అంటుకుని ఉంటే అల్యూమినియానికి ధర తగ్గిస్తారట. అందుకని ఓ కుర్రాడు ఒక్కో బోల్టూ ఓపిగ్గా విప్పి ఆ రేకును విడదీశాడు. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.