నేను అరిగాను, ఆయన బలపడ్డారు: ఒక సైకిల్ ఆత్మకథ

నేను సైకిల్ని. రావులపాలెం సంతకు అరటి గెలలు మోసే నల్ల సైకిళ్లు మా పెద్దలు. నాకు మాత్రం సన్నని టైర్లు, వంపు తిరిగిన హ్యాండిల్, తేలికైన అల్యూమినియం ఫ్రేము. నా ఊరు రాజమండ్రి. నన్ను తొక్కేది ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే మాష్టారు. తెల్లవారకముందే బయల్దేరి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక నుంచి కాలువ పక్కనే ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా రావులపాలెం వెళ్లి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరడం మా సాధన. డెల్టా నేల కాబట్టి దారిలో ఎత్తులు లేవు. ఉన్నవి ఎదురుగాలి, ఉక్కపోత.

ఆ సాధనంతా గోవా కోసం. అక్కడి మిరామార్ తీరంలో 2019లో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ మొదలైంది. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, సైకిల్ మీద 90 కిలోమీటర్లు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపితే 113 కిలోమీటర్లు, అంటే 70.3 మైళ్లు. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. దీనికి రెట్టింపు దూరం ఉండే పూర్తి ఐరన్‌మ్యాన్ 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓహూ దీవిలో పుట్టింది. ఆ దీవిలో అప్పటికే విడివిడిగా ఉన్న ఈత, సైకిల్, మారథాన్ పోటీలను జాన్, జూడీ కాలిన్స్ దంపతులు ఒక్క రోజులోకి చేర్చారు. 15 మంది బయల్దేరగా 12 మంది ముగింపు గీత దాటారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో మొదటి విజేత అయ్యాడు.

పోటీ ముందురోజే నన్ను తీసుకెళ్లి వందలాది సైకిళ్ల వరసలో తగిలించారు. మర్నాడు మాష్టారు ఉప్పునీళ్లు కారుతూ సముద్రంలోంచి పరుగున వచ్చి నన్నెక్కారు. మాకు అలవాటు లేని ఎత్తుల మీద ఆయన బరువంతా పెడళ్లలోకి దిగింది. నా చైను బిగిసింది, ఆయన ఊపిరీ బిగిసింది. దూరం ముగియగానే నన్ను మళ్లీ తగిలించి పరుగందుకున్నారు. గడువులోగా పతకంతో తిరిగొచ్చారు.

ఇంటికొచ్చాక నన్ను మెకానిక్ దగ్గర దింపారు. అతను చెమట ఉప్పు పట్టిన బోల్టులు తుడిచి, సాగిన చైను తీసేసి కొత్తది వేసి, బ్రేకు కట్టలు మార్చి, బేరింగులకు గ్రీజు పెట్టాడు. సాయంత్రానికి నేను సిద్ధం. మాష్టారు మాత్రం గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. పరుగులో అడుగు నేల తాకిన ప్రతిసారీ తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అలా వేల అడుగులు పడితే కండర తంతువుల్లో కంటికి కనిపించని చీలికలు వస్తాయి. అందుకే ఆ నొప్పి పోటీ రోజు కన్నా తర్వాతి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ.

"ఏరా అబ్బాయ్, మెట్లు దిగలేకపోతున్నావు. సైకిలెక్కడికీ పోదు గానీ, ముందు తిని పడుకో" అన్నారు వాళ్లమ్మగారు.

"అలాగేనమ్మా" అన్నారు మాష్టారు. అన్నమాట నిలబెట్టుకున్నారు.

తరవాణి అన్నం, పెరుగు, గుడ్లు, పప్పు, కొబ్బరినీళ్లు, కంటినిండా నిద్ర. అంతకు మించిన మందు వాడలేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి కనుక డాక్టరును అడగకుండా ఏదీ వేసుకోలేదు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలని ఆయనకు తెలుసు. రోజూ లేవగానే మంచం మీదే నాడి చూసుకుని పుస్తకంలో రాసుకునేవారు. అది మామూలు స్థాయికి దిగేదాకా నన్ను ముట్టుకోలేదు. తర్వాత కూడా మొదట ఈత. నీళ్లలో కీళ్ల మీద బరువు పెద్దగా పడదు. ఆపైన తేలిక గేర్లో నా మీద ధవళేశ్వరం దాకా. అన్నిటికన్నా చివర పరుగు.

అప్పుడే నాకో నిజం తెలిసింది. యంత్రాన్ని ఎంత వాడితే అంత అరుగుతుంది. నన్ను నేను బాగుచేసుకోలేను. మనిషి ఒళ్లు అలా కాదు. దెబ్బతిన్న కండరం తనంతట తానే మునుపటికన్నా గట్టిగా అల్లుకుంటుంది. అయితే దానికి తిండి, నిద్ర, వ్యవధి కావాలి. మా డెల్టా రైతుకు ఈ సంగతి కొత్త కాదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. ఆ పని సరిగా జరిగితేనే సార్వా పంటకు నీళ్లు శివారు చేలదాకా పారుతాయి.

స్నేహితులు "ఫుల్ ఎప్పుడు మాష్టారూ?" అని తొందరపెట్టారు. ఫుల్ అంటే పూర్తి ఐరన్‌మ్యాన్: 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు. ఆయన జవాబు చెప్పకుండా పుస్తకం తీసి, గోవాలో ఎక్కడ వెనకబడ్డారో చూసుకున్నారు. ఈతలోనూ, ఎత్తుల్లోనూ. కొత్త లక్ష్యాలు అక్కడి నుంచే పుట్టాయి. ఎత్తుల కోసం నెలకోసారి రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలి. వారానికి రెండుసార్లు కాళ్లకు, నడుముకు బలం పెంచే వ్యాయామం చేయాలి. ప్రతి నాలుగో వారం సాధన తగ్గించాలి. మరో 70.3 నొప్పి లేకుండా ముగించాకే పూర్తి దూరం గురించి ఆలోచించాలి.

ఈతకు ఆయన ఆదర్శం సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల. నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో శ్రీలంక నుంచి పాక్ జలసంధిని ఈదారామె. 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి సముద్రంలో సుమారు 150 కిలోమీటర్లు విడతలుగా ఈది 2025 జనవరిలో కాకినాడ తీరం చేరారు. మాష్టారు ఇప్పుడు కొలనులో శిక్షకుడి ఎదుట నేర్చుకుంటున్నారు. సుడులూ లోతూ తెలియని గోదావరిలోకి ఒంటరిగా దిగరు, ఎవరినీ దిగనివ్వరు.

పోటీకి సిద్ధమయ్యే మిత్రులారా, మీ సైకిల్‌కు సర్వీసింగ్ చేయించినంత శ్రద్ధగా మీ ఒంటికీ విశ్రాంతినివ్వండి. క్యాలెండర్లో పోటీ తేదీ రాసేటప్పుడే ఆ తర్వాతి విశ్రాంతి వారాలూ రాసుకోండి. కొత్త లక్ష్యాన్ని నొప్పులు తగ్గాక, పాత పోటీ లెక్కలు ముందు పెట్టుకుని నిర్ణయించుకోండి. నాకు విడిభాగాలు బజార్లో దొరుకుతాయి, మీకు దొరకవు.