మిర్చి కేసు

(గుంటూరుకు కాస్త దూరంలో, హైవే పక్కన ఒక ఎంబీఏ కాలేజీ. పేరు మీకు తోచింది పెట్టుకోండి. వచ్చే వారం తనిఖీ కమిటీ రాబోతోంది.)

పాత్రలు

కరస్పాండెంట్ గారు: కాలేజీ యజమాని. రెండు కోల్డ్ స్టోరేజీలు కట్టాక, మూడో వ్యాపారంగా చదువు పెట్టారు.
డైరెక్టర్ గారు: ఫారాలు నింపడంలో ఆరితేరినవారు.
పాత మాస్టారు: నోట్సు చెప్పి రాయిస్తారు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఎక్కడ ఆపారో మర్చిపోతారు.
కొత్త మేడమ్: చేరి నెలయింది. పాఠం చెప్పాలనే కోరిక ఇంకా చావలేదు.
ముందు బెంచి: మార్కులు ఎటుంటే చూపు అటు.
వెనక బెంచి: మిర్చి రైతు కొడుకు. ఐసెట్ ర్యాంకు అడిగితే మాట మారుస్తాడు.

ఒకటో రంగం: డైరెక్టర్ గది

డైరెక్టర్: ఫారంలో ఏడో కాలమ్ దగ్గర ఆగిపోయాం సార్. బోధనా పద్ధతులేమిటని అడిగారు. కేస్ మెథడ్, రోల్ ప్లే, సిమ్యులేషన్, ఫ్లిప్‌డ్ క్లాస్‌రూమ్... ఉన్నవాటికి టిక్కు పెట్టాలట.

కరస్పాండెంట్: అన్నిటికీ పెట్టెయ్యండి. టిక్కుకేమైనా డబ్బులడిగారా?

డైరెక్టర్: రుజువు కూడా పంపమన్నారు సార్. ఫొటోలు.

కరస్పాండెంట్: దానికేముంది, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టండి.

(గుండ్రంగా కూర్చోబెట్టడాన్నే మన కాలేజీల్లో చర్చ అంటారు. నోరు తెరవడం అందులో భాగం కాదు.)

పాత మాస్టారు: గుండ్రంగా అయితే సగంమంది బోర్డుకు వీపు పెడతారండీ. నోట్సు ఎట్లా రాసుకుంటారు?

కొత్త మేడమ్: బోర్డు మీద ఏం రాస్తున్నారు మాస్టారూ?

పాత మాస్టారు: ఫెయోల్ పద్నాలుగు సూత్రాలమ్మా. 1916లో ఆయన రాశాడు, కాలేజీ పెట్టినప్పట్నుంచీ నేను రాయిస్తున్నాను. ఇద్దరం ఒక్క అక్షరం మార్చలేదు.

కొత్త మేడమ్: మాస్లోకు త్రిభుజం కూడా గీయిస్తున్నారట. 1943లో ఆయన రాసిన వ్యాసంలో త్రిభుజమే లేదండీ. తర్వాత వేరేవాళ్లు గీశారు.

పాత మాస్టారు: గీయకపోతే ఆయనకు రెండు మార్కులు పోతాయి. మా పిల్లలకెందుకు పోవాలి?

డైరెక్టర్: పరీక్ష పేపర్లు మాత్రం పూర్తిగా మార్చేశాం సార్. బ్లూమ్ అని అమెరికాలో ఒకాయన, 1956లో చదువుకు ఆరు మెట్లు కట్టాడు. 2001లో వాటి పేర్లు, వరస కొంచెం సర్దారు. గుర్తుపెట్టుకోవడం అట్టడుగు మెట్టు, సొంతంగా సృష్టించడం పై మెట్టు. మన ప్రశ్నలన్నీ అట్టడుగునే ఉన్నాయని పోయినసారి కమిటీవాళ్లు తప్పుపట్టారు.

కరస్పాండెంట్: అప్పుడేం చేశారు?

డైరెక్టర్: 'నాయకత్వ లక్షణాలను వ్రాయుము' అనే ప్రశ్నను 'నాయకత్వ లక్షణాలను విశ్లేషింపుము' చేశాం. ఒక్క మాటతో నాలుగో మెట్టు ఎక్కాం సార్!

కరస్పాండెంట్: మరి జవాబు?

పాత మాస్టారు: జవాబు అదేనండీ. నోట్సులో పద్దెనిమిదో పేజీ.

కరస్పాండెంట్: సమ్మర్ ప్రాజెక్టులు?

డైరెక్టర్: టౌన్లో జిరాక్సు షాపువాడు బైండింగుతో సహా ఇస్తున్నాడు సార్. దానికి ఇబ్బంది లేదు.

కరస్పాండెంట్: ఇంతకీ ఈ కేస్ మెథడ్ ఏమిటమ్మా? కోర్టులో నాకిప్పటికే మూడు నడుస్తున్నాయి.

కొత్త మేడమ్: అసలు లా కాలేజీ నుంచే వచ్చిందండీ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో పెట్టారు. వ్యాపారం ఎట్లా నేర్పాలో ఎవరికీ తెలియదు. అదే యూనివర్సిటీ లా స్కూల్లో పాత తీర్పులు ముందేసుకుని వాదించుకుంటూ చదివేవాళ్లు. లా చదివిన డోనమ్ అనే ఆయన డీన్‌గా వచ్చి, 1920ల్లో ఆ పద్ధతిని ఇటు లాక్కొచ్చాడు. చిక్కులో పడ్డ ఒక కంపెనీ కథ చేతికిస్తారు. ఆ కుర్చీలో నువ్వుంటే ఏం చేస్తావని అడుగుతారు. కావలసిన వివరాలు కొన్ని ఉండవు, అక్కర్లేనివి బోలెడుంటాయి. క్లాసంతా దెబ్బలాడుకుంటుంది. ఆఖర్న జవాబేమిటో చెప్పరు.

కరస్పాండెంట్: జవాబు చెప్పకుండానే జీతం తీసుకుంటారా?

కొత్త మేడమ్: అహ్మదాబాద్ ఐఐఎం 1961లో మొదలైనప్పుడు హార్వర్డ్ వాళ్లే చెయ్యందించారండీ. అక్కడా ఇదే పద్ధతి.

పాత మాస్టారు: మన వాల్తేరు యూనివర్సిటీలో 1957లోనే ఎంబీఏ ఉందమ్మా. అహ్మదాబాద్ మనకంటే చిన్నది.

డైరెక్టర్: ఆ కేసులు ఊరికే రావు సార్. కాపీకింత అని కట్టాలి.

కరస్పాండెంట్: ఒకటి కొని అరవై జిరాక్సులు తీయిస్తే?

కొత్త మేడమ్: చట్టం ఒప్పుకోదండీ.

కరస్పాండెంట్: అయితే నాలుగో కేసు పడుతుంది. వద్దు. మనమే రాసుకోలేమా?

కొత్త మేడమ్: బ్రహ్మాండంగా రాసుకోవచ్చు. ముంబయి డబ్బావాలాల మీద 2010లో హార్వర్డ్ వాళ్లే కేసు రాశారు. అంత దూరం నుంచి వాళ్లు అన్నం క్యారేజీలను చూసి నేర్చుకున్నారు. మనం మిర్చి యార్డు పక్కన కూర్చుని జనరల్ మోటార్స్ గురించి చెబుతున్నాం.

కరస్పాండెంట్: అదీ మాటంటే! మన నేల, మన మిర్చి! ఫారంలో అట్లాంటి కాలమ్ ఉందా?

డైరెక్టర్: 'స్థానిక సమస్యల ఆధారంగా బోధన'. అయిదు మార్కులు సార్.

కరస్పాండెంట్: రాసెయ్యమ్మా. రేపే క్లాసు పెట్టు. ఫొటోగ్రాఫర్ని తీసుకుని నేనే వస్తా.

రెండో రంగం: క్లాసు

(బల్లలు గుండ్రంగా జరిపారు. కరస్పాండెంట్ గారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. తలకొక కాగితం పంచారు.)

కొత్త మేడమ్: మార్చి నెల. మీరొక రైతు. కళ్లంలో 50 టిక్కీల మిర్చి, టిక్కీ 40 కిలోలు. యార్డులో ఇవాళ్టి రేటు క్వింటా 18,000 అనుకుందాం. నెత్తిన 2 లక్షల అప్పుంది. ఇప్పుడే అమ్ముతారా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆరు నెలలు ఆగుతారా?

ముందు బెంచి: మేడమ్, ఇది ఏ యూనిట్?

కొత్త మేడమ్: ఏ యూనిట్‌లోనూ లేదు.

ముందు బెంచి: ఎన్ని మార్కులకొస్తుంది?

కొత్త మేడమ్: రాదు.

ముందు బెంచి: (పెన్ను మూతపెట్టి, మళ్లీ ఎందుకైనా మంచిదని తీసి) స్వాట్ అనాలిసిస్ చేస్తాను మేడమ్. బలం, కష్టపడే గుణం. బలహీనత, చదువు లేకపోవడం. అవకాశం, ఎగుమతులు. ముప్పు, అకాల వర్షం.

వెనక బెంచి: కోల్డ్ స్టోరేజీలో వర్షమేంట్రా?

ముందు బెంచి: పోయిన సెమిస్టర్లో కూల్‌డ్రింకు కంపెనీకీ ఇవే రాశాం. మార్కులు పడ్డాయి. పోనీ బీసీజీ మ్యాట్రిక్స్ వేద్దాం మేడమ్. మిర్చి ఇక్కడ క్యాష్ కౌ.

వెనక బెంచి: మిర్చి కాదు, గేదె. మా ఇంట్లో పాలమ్మిన డబ్బులే మిర్చికి మందులు కొడతాయి.

కొత్త మేడమ్: బీసీజీ మ్యాట్రిక్స్ చెప్పేది సరిగ్గా అదే.

(ముందు బెంచి దీన్ని రాసుకున్నాడు. గేదె స్పెల్లింగ్ ఇంగ్లీషులో ఆలోచిస్తున్నాడు.)

వెనక బెంచి: మేడమ్, ఆ 2 లక్షలు ఎవరిచ్చారు? బ్యాంకా, కమీషన్ ఏజెంటా?

కొత్త మేడమ్: కాగితంలో లేదు. నువ్వేమనుకుంటున్నావు?

వెనక బెంచి: ఏజెంటే అయ్యుంటాడు. విత్తనాలకీ, మందులకీ అక్కడే తెస్తాం. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 4,000, ఆరు నెలలకు 24,000. కోల్డ్ స్టోరేజీ అద్దె టిక్కీకి 200 వేసుకున్నా 10,000. మొత్తం 34,000. సరుకు 20 క్వింటాళ్లు. అంటే క్వింటాకు 1,700 పెరిగితే ఖర్చులు వస్తాయి, అంతే. హమాలీ, లారీ కిరాయి నేను కలపలేదు.

ముందు బెంచి: (కాలిక్యులేటర్ నొక్కి) 1,700... కరెక్టే. ఏ ఫార్ములారా ఇది?

వెనక బెంచి: ఫార్ములా ఏముంది? మా నాన్న వేళ్ల మీద వేస్తాడు.

కొత్త మేడమ్: అయితే ఇప్పుడే అమ్మేస్తావా?

వెనక బెంచి: సగం అమ్ముతా మేడమ్. 1,80,000 వస్తుంది. అప్పు దాదాపుగా తీరిపోతుంది, వడ్డీ మోత తప్పుతుంది. మిగతా సగం లోపల పెడతా. రేటు లేస్తే సరే, పడితే సగమే కదా పోయేది.

ముందు బెంచి: సగమేంటి మేడమ్? పెరుగుతుందని తెలిస్తే మొత్తం పెట్టాలి, పడుతుందని తెలిస్తే మొత్తం అమ్మాలి.

వెనక బెంచి: తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటామురా?

పాత మాస్టారు: (గుమ్మం దగ్గర నిలబడి, తనలో) రిస్కు తగ్గించుకునే మార్గాలు. మూడు పేజీలు రాయించాను. అందులో వీడు ఫెయిలయ్యాడు.

కరస్పాండెంట్: శభాష్! ఫొటోగ్రాఫరూ, వాణ్ని తియ్యవయ్యా!

కొత్త మేడమ్: ఇంకొక్క ప్రశ్న. ఈ మొత్తం వ్యవహారంలో రేటు పెరిగినా పడినా నష్టం లేనిది ఎవరికి?

వెనక బెంచి: కోల్డ్ స్టోరేజీ ఓనరుకి మేడమ్.

(కరస్పాండెంట్ గారు కాలు కిందికి దించారు.)

వెనక బెంచి: రేటుతో పనిలేదు, అద్దె అద్దే. సరుకు మీద అప్పు ఇప్పించేదీ ఆయనే. రేటు మరీ పడితే రైతు మళ్లీ ఆ గుమ్మం తొక్కడు, సరుకు ఆయనే వేలం వేసుకుంటాడు. పెట్టేటప్పుడు 40 కిలోలున్న టిక్కీ తీసేటప్పుడు 38 తూగుతుంది. ఇదేంటంటే తేమ పోయిందంటాడు.

ముందు బెంచి: (లేచి నిలబడి) మేడమ్, పోర్టర్! ఫైవ్ ఫోర్సెస్, 1979! బేరమాడే శక్తి రైతుకు లేదు, ఓనరుకుంది! అదే కదా?

కొత్త మేడమ్: అదే.

ముందు బెంచి: మరి అప్పుడు పేజీన్నర రాశాను, ఒక్క ముక్క అర్థం కాలేదు!

వెనక బెంచి: మేడమ్, యాభైమంది రైతులు కలిసి సొంతంగా కోల్డ్ స్టోరేజీ కడితే? ఎంతవుతుందో లెక్కేద్దామా?

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇద్దరు బోర్డు దగ్గరికి పరిగెత్తి ఫెయోల్‌ను తుడిచేశారు.)

కరస్పాండెంట్: బెల్లు కొట్టించండి.

డైరెక్టర్: ఇంకా ఇరవై నిమిషాలుంది సార్.

కరస్పాండెంట్: కొట్టించమన్నానా!

మూడో రంగం: మళ్లీ డైరెక్టర్ గది

కరస్పాండెంట్: పాఠం బాగా చెప్పావమ్మా. కాదనను. కానీ పిల్లలు మరీ మాట్లాడుతున్నారు.

కొత్త మేడమ్: మాట్లాడించడానికే కదండీ ఆ పద్ధతి?

కరస్పాండెంట్: ఎంబీఏకి ఒక స్థాయి ఉండాలి. లక్షలు పోసి చేర్పించిన తల్లిదండ్రులు, మిర్చి బస్తాలు లెక్కపెట్టిస్తున్నారంటే ఏమనుకుంటారు? పిల్లలు ప్రపంచాన్ని చూడాలి. ఇకనుంచి కేసులన్నీ విదేశీ కంపెనీలవే చెప్పు. జపాన్‌వైతే మరీ మంచిది.

డైరెక్టర్: మరి 'స్థానిక సమస్యల' అయిదు మార్కులు సార్?

కరస్పాండెంట్: ఫొటోలు వచ్చాయిగా?

డైరెక్టర్: బ్రహ్మాండంగా వచ్చాయి సార్. పిల్లలందరూ నోళ్లు తెరిచే ఉన్నారు.

కరస్పాండెంట్: అవి పెట్టెయ్యండి. మాస్టారూ, ఆ మిర్చి కేసుకు మీరొక జవాబు రాయించండి. కోల్డ్ స్టోరేజీలో పెట్టడమే రైతుకు లాభమని.

పాత మాస్టారు: ఎన్ని పాయింట్లు రాయించమంటారు?

కరస్పాండెంట్: ఆ ఫెయోల్‌కు ఎన్ని?

పాత మాస్టారు: పద్నాలుగండీ.

కరస్పాండెంట్: ఇదీ అన్నే ఉండనివ్వండి.

(కమిటీ వచ్చింది, ఫొటోలు చూసింది, ఏడో కాలమ్‌కు పూర్తి మార్కులిచ్చి వెళ్లింది. ఇంటర్నల్ పరీక్షలో 'మిర్చి నిల్వ వలన రైతుకు కలుగు లాభములను విశ్లేషింపుము' అని అడిగారు. నాలుగో మెట్టు, పది మార్కులు. ముందు బెంచికి పదికి పది వచ్చాయి. 'సగం అమ్మాలి' అని రాసిన వెనక బెంచికి సున్న వేశారు.)