గోడెక్కిన బొమ్మ

తీగతో పనిలేదు, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఒకే వైఫైలో ఉంటే బొమ్మ దానంతటదే గోడెక్కుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. అబద్ధం కాదు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, గదిలో రూటర్ ఒకటి వెలిగితే చాలు. ఆ ముక్క చెప్పే నాథుడే ఉండడు! అందుకే జైనూర్ లాంటి ఏజెన్సీ మండలంలో ఏ మీటింగైనా ‘నెట్ లేదు సార్’తోనే మొదలు.

ఎక్కిందే అనుకోండి. అప్పుడు గోడ మీదికి లెక్కల పట్టిక ఒక్కటే రాదు, సారు ల్యాప్‌టాప్‌లోని సంసారం మొత్తం వస్తుంది. గులాబీల గుడ్‌మార్నింగులు, లోన్ యాప్ తాకీదులు, వాటి మీంచి ‘వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తీస్కరాండ్రి’. హాజరు శాతం ఎవరికీ గుర్తుండదు గానీ ఉల్లిగడ్డలు అందరికీ గుర్తుంటాయి.

ఈ జైనూర్ మండలంలోని మార్లవాయిలోనే 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలూ వచ్చాయి. అప్పుడు ప్రొజెక్టర్ లేదు, పాఠం ఉంది. ఇప్పుడు బడి గోడ మీద నీలిరంగు, మధ్యలో ఇంగ్లిష్‌లో ‘నో సిగ్నల్’. పిల్లలు దాన్ని మాత్రం తడుముకోకుండా చదువుతున్నారు.